ఆరని డిస్క్ లైటు

ఉద్యోగం మానేసిన ఏడేళ్ల గ్యాప్ తర్వాత ఒక కంపెనీ నాకు ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. గంటన్నర టైము, రెండు ప్రోగ్రాములు రాయాలి. తప్పితే ఆరు నెలల దాకా మళ్లీ అప్లై చేయకూడదు. పిల్లలను స్కూలు బస్సెక్కించి, కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచాను. నా మొదటి ఉద్యోగం జీతంతో కొన్నది. ముసలిదైపోయిందని విండోస్ తీసేసి తేలికగా నడిచే లినక్స్ వేసుకున్నాను. దాని లోపల ఏముందో నాకు నోటికి వచ్చు.

పది నిమిషాలకే హార్డ్ డిస్క్ లైటు వెలిగింది, ఇక ఆరలేదు. లోపల ఒకటే గరగర. కెమెరా, బ్రౌజర్, ఎడిటర్ మూడూ తెరిచే ఉంచాలని వాళ్ల రూలు. నేనొక అక్షరం కొడితే అది కొత్త అల్లుడిలా తీరిగ్గా తెర మీదకు వచ్చేది. రెండో ప్రోగ్రాము సగంలో ఉండగానే టైమైపోయింది.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, సంగతి విని, భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీ తియ్. ఏడేండ్లాయె గదా, చెయ్యి జర స్లో అయితది. ఫికర్ చెయ్యకు."

నేను నమ్మాను. అదీ నా సిగ్గు. రెండు రోజులు నా చెయ్యే మొద్దుబారిందని కుమిలిపోయాను.

శనివారానికి మొండితనం వచ్చింది. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్‌గా పనిచేసినదాన్ని, తప్పు ఎక్కడుందో తేలకుండా వదిలేదాన్ని కాదు. ఫైళ్లన్నీ వెతికి జాబితా రాసుకునే ప్రోగ్రాము మీద అనుమానం వచ్చి దాన్ని ఆపాను. లైటు ఆరలేదు. అప్‌డేట్లు ఆపాను. అబ్బే. డిస్కే చెడిందేమోనని పరీక్షిస్తే అది నిక్షేపంలా ఉంది. చివరికి, డిస్కును ఏది వాడుతోందో చూపించే కమాండ్ కొడితే బయటపడింది. నడుస్తున్న పనులను పెట్టుకునే ర్యామ్‌లో చోటు చాలక సామానంతా డిస్క్ మీదకు దించుతోంది, మళ్లీ ఎత్తుకుంటోంది. ఇరుకు వంటగట్టు మీద ఒక గిన్నె పెట్టడానికి ఇంకో గిన్నె కింద పెట్టినట్టు.

ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నదానికి చోటు చాలకపోవడమేమిటి? నోటికి వచ్చు కదా అని, మొదట చూడాల్సింది ఆఖరున చూశాను. నాలుగే ఉంది. తెలుసనుకున్నదాన్నే ముందు చూడమని జూనియర్లకు పాఠాలు చెప్పిన మనిషిని! స్క్రూలు విప్పి వెనక మూత తీశాను. ర్యామ్ ముక్కలు పెట్టే రెండు స్లాట్లలో ఒకటి ఖాళీ.

మా ఆయన పక్క గదిలో క్రికెట్ గేమ్ ఆడుతున్నాడు. ఆయన ల్యాప్‌టాప్ కూడా నా మోడలే, నాది చూసి కొనుక్కున్నాడు. మూత చేత్తో పట్టుకునే వెళ్లాను.

"దీంట్ల ర్యామ్ ఒకటి లేదు. మీరు తీసిండ్రా?"

"హా, పోయిన నెల నా దాంట్ల ఏసిన. గేమ్ మస్తు హ్యాంగ్ అవుతుండె. అది ఊకెనే పడున్నది గదా."

"పరీక్ష దీంట్లనే రాసిన."

అప్పుడు తల తిప్పాడు. "అరె, నాకు యాదికే లేదు!"

అబద్ధం కాదు, నిజంగానే మరిచిపోయాడు. దాచి ఉంటే పోట్లాడేదాన్ని, కోపమైనా తీరేది. మరిచిపోయినవాడితో ఏం పోట్లాడను? నాకు పరీక్ష ఉందని ఆయనకు తెలుసు. దాన్ని దేని మీద రాస్తానో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. ఒళ్లు మండిపోయింది.

గేమ్ ఆపి, అప్పటికప్పుడే తీసిచ్చాడు. పెట్టి ఆన్ చేశాను. లైటు రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. గరగర లేదు. మళ్లీ ఆపి, మూత బిగిస్తుంటే అత్తమ్మ ఆయనకు ఫోన్ చేసింది. నా పరీక్ష ఏమైందని అడిగినట్టుంది.

"కాలేదే అమ్మా," అన్నాడు మా ఆయన, నా ఎదురుగానే. "ఏడేండ్లాయె గదా, చెయ్యి స్లో అయింది."

నేను ఆఖరి స్క్రూ బిగించాను.