రెండు తట్లు

చొక్కా కాలర్లకు ఇస్త్రీ చేస్తూ పద్దెనిమిదేళ్లు నిలబడ్డ మనిషికి నాటకంలో నిలబడటం ఓ లెక్కా అనుకుంది ఇస్త్రీ అక్క. మేనేజరుకు కూడా జంకని నోరు తనది. కానీ ఈ నాటకంలో నోటితో పనిలేదు, సైగలతో చెప్పాలి.

కుట్టుమిల్లు అంటుకున్న రోజు సైరన్ మోగింది. చెవులున్నవాళ్లంతా పరుగెత్తారు. పక్కబల్ల దగ్గర గుండీలు కుట్టే పిల్లకు వినపడదు. అలాంటివాళ్ల కోసం గోడకు ఎర్రదీపం పెట్టమని మూడేళ్లుగా అడుగుతుంటే, లాభాలు తగ్గుతాయని యజమాని "చూద్దాం" అన్నాడు. చూస్తూనే ఉన్నాడు, మహానుభావుడు. ఆ పిల్ల బయటికి రాలేదు.

ఆ పిల్ల సొంత అక్కకూ వినపడదు. మిల్లువాళ్లను, వాళ్లలో వినపడని ఆరుగురితో సహా, కూడగట్టి ఆవిడే నాటకం మొదలుపెట్టింది. ఎవరి సీను వాళ్లే అల్లుకోవాలి. యజమాని వేషానికి, చేతులు బయటికి రాకుండా, చొక్కా చేతులు మూసి కుట్టేశారు. మాటలే తప్ప చేతలు లేని పెద్దమనిషి కదా!

మిషన్ల రొదలో ఇస్త్రీ అక్కకూ గుండీల పిల్లకూ ఒకటే పిలుపు: కాలితో నేలమీద రెండు తట్లు. అదురు పాదాలకు తెలిసేది. ఆ రోజు మాత్రం ఇస్త్రీ అక్క తట్టలేదు. ఆ మాట మొగుడికి కూడా చెప్పలేదు.

పాత గోదాములో, చెక్కనేల మీద, పట్టపగలు రిహార్సల్ చేస్తుండగా, సైరన్ సీనులో వినపడని ఆరుగురూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. ఎవరో నేల తట్టారట. వెనక ఎవరూ లేరు. మిగతావాళ్లకు చప్పుడే వినపడలేదు.

"ఎలకలేమోలే," అన్నాడు యజమాని వేషగాడు, చెమట తుడుచుకోలేక.

మర్నాడూ తిరిగారు. ఆ మర్నాడూ అంతే. "ఎన్నిసార్లు తట్టారు?" అని సైగ చేసింది ఇస్త్రీ అక్క. ఆరుగురూ రెండేసి వేళ్లు చూపించారు. ఆమెకు ఒళ్లు జల్లుమంది. ఆపైన అన్నం సయించలేదు.

నాటకం రోజు, అదే గోదాములో, సైరన్ మోగగానే అందరూ పరుగెత్తారు. ఆమె కదల్లేదు. ఎవరూ అల్లని సీను చేతులతో మొదలుపెట్టింది. "నేను పక్కనే ఉన్నా. తట్టలేదు. పారిపోయా."

గుండీల పిల్ల అక్క ముందుకొచ్చింది. కొడుతుందనుకున్నారంతా. ఆవిడ చేతులు మెల్లగా కదిలాయి: "నువ్వు మర్చిపోయింది ఒక్క నిమిషం. యజమానికి మూడేళ్లు గుర్తుచేశాం."

ఇస్త్రీ అక్క భోరుమంది. ఏడుస్తూనే కాలెత్తి నేలను రెండుసార్లు తట్టింది.

పాదాల కింద అదురు మొదలైంది. ఈసారి తనకూ తెలిసింది. పరుగెత్తే అడుగులు, ఒకటి వెనక ఒకటి, ఆమె పక్కనుంచి తలుపు దాకా వెళ్లాయి. ఆరుగురూ తలుపు వైపు తిరిగారు.