రాదిసావ్ మీసం, కంచు బుష్

చాచక్ ఊళ్లో రాదిసావ్ కంటికి ఆనిన మనిషి ఇంకా పుట్టలేదు. అరవై నాలుగేళ్ల మెకానిక్. పక్క షెడ్డు వుకాషిన్ చేతులకి తొడుగులు వేసుకుని పని చేస్తాడు కాబట్టి, ఇతని లెక్కలో వాడు మెకానిక్కే కాదు, మంత్రసాని. కార్లు కొనేవాళ్లు వెధవలు, వాటిని కడుక్కునేవాళ్లు ఇంకా పెద్ద వెధవలు. ఈ తీర్పులన్నీ మీసం మెలేస్తూ చెప్పేవాడు. ఆ మీసం తప్ప జీవితంలో అతను శ్రద్ధగా పెంచింది ఏదీ లేదు.

భూగోళం చెప్పే తిహోమిర్ మాస్టారికి తండ్రి వదిలివెళ్లిన కారు ఒకటుంది, డెబ్బై ఒకటో సంవత్సరంది. పాత గేర్ బాక్స్ అరిగిపోతే, ఐదు గేర్లది రాదిసావ్ చేత వేయించాడు. శనివారం కూతురి పెళ్లి. జెండా కట్టుకుని ఊరేగింపు ముందు నడవాల్సింది ఆ కారే. గురువారం పొద్దున్నే అది మళ్లీ షెడ్డు ముందుకి వచ్చింది.

"క్లచ్ తొక్కితే కీచుమంటోంది మేస్త్రీ."

"కీచుమనేది క్లచ్ కాదు మాస్టారూ, మీ కాలు. బల్ల కింద చాపుకుని బతికిన కాలికి పెడల్ తొక్కడం ఏం తెలుస్తుంది?"

కాఫీకి చేరిన ఇరుగుపొరుగు పకపకా నవ్వారు. మాస్టారి మొహం కందగడ్డయింది గానీ మనిషి కదల్లేదు.

వుకాషిన్ తొడుగులు తీస్తూ వచ్చాడు. "నేనొకసారి వింటాను బాబాయ్."

"వినరా. చెవులకి కూడా తొడుగులు వేసుకుని విను."

వుకాషిన్ ఇంజన్ స్టార్టు చేసి పెడల్ వదిలేశాడు. చప్పుడు లేదు. కాస్త తొక్కాడు, లేదు. పూర్తిగా తొక్కి గేరు వేశాడు. పందిని కోస్తున్నట్టు అరిచింది.

"పెడల్ వదిలితే చప్పుడు లేదు, అంటే గేర్ బాక్స్ మంచిదే. కొంచెం తొక్కినా లేదు, క్లచ్ బేరింగూ మంచిదే. గేర్ బాక్స్ షాఫ్టు కొస ఇంజన్లో కూర్చునే చోట కంచు బుష్ ఉంటుంది చూడు, నూనె పీల్చుకుని ఉండాల్సినది, అది ఎండిపోయింది బాబాయ్."

"ఎండిపోయిందా! బిగించే ముందు రాత్రంతా నూనెలో నానేశానురా! తెల్లారేసరికి అరకప్పు తాగింది. తప్పు నా చేతిదైతే ఈ మీసం తీసేస్తా, మీ అందరి సాక్షిగా!"

అక్కడ మీసం మీద ఒట్టు వేసినవాడు మళ్లీ వెనక్కి తీసుకోడు. మాస్టారు బడికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు మాత్రం ఎవరూ పనికి వెళ్లలేదు.

మధ్యాహ్నానికి గేర్ బాక్స్ కిందికి దిగింది. బుష్ కమిలిపోయి, చుక్క తడి లేకుండా ఉంది.

"నకిలీ సరుకు!" అని రంకెలేస్తూ రాదిసావ్ అరలోంచి నూనె సీసా పట్టుకొచ్చి కప్పులో పోశాడు. "ఇదిగో, ఇందులోనే నానేశాను. చూసుకో!"

పసుపుపచ్చగా నూనెలాగే ఉంది. వుకాషిన్ వాసన చూశాడు. తర్వాత ఒక గుక్క వేశాడు.

"భలే ఉంది బాబాయ్. ఎన్నేళ్ల నాటిది?"

రెండేళ్ల కిందట డాక్టరు రాదిసావ్‌ని మందు మానమన్నాడు. పెళ్లాం మిలుంకా ఇంట్లోని పళ్ల సారా అంతా మోరీలో పోసింది. ఆనాటి నుంచి మహానుభావుడు నూనె సీసాల మధ్య ఇంకో నూనె సీసాలో సారా దాచుకుంటున్నాడు. ఇరవై నాలుగ్గంటలూ షెడ్డు కంపులోనే బతికేవాడి ముక్కుకి ఏది నూనో ఏది సారానో తెలిస్తే కదా!

కాఫీ తెచ్చిన మిలుంకా కప్పు లాక్కుని వాసన చూసింది. "డాక్టరు నీ నోరు కట్టేస్తే, తీసుకెళ్లి ఇనుము నోట్లో పోశావా? రెండేళ్ల నుంచీ నీకు నయమైందని మొక్కులు తీరుస్తున్నాను, సన్నాసీ!"

ఈసారి నవ్విన నవ్వుకి షెడ్డు రేకులు అదిరాయి.

వుకాషిన్ ఒక్కడే నవ్వలేదు. "పోనీలే బాబాయ్, మీసం ఉంచుకో. నా దగ్గర బుష్ ఉంది, సాయంత్రానికల్లా నేను వేసేస్తాను."

అదే గుచ్చుకుంది. ఎవరైనా తిడితే రెట్టింపు తిట్టగలడు. జాలి పడితే ఏం చెయ్యాలో అరవై నాలుగేళ్లలో ఎవరూ నేర్పలేదు. చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి వెళ్లి, పగిలిన అద్దంలో చూసుకుంటూ మీసం నున్నగా గీసేసుకున్నాడు.

శనివారం జెండా కారు చప్పుడు లేకుండా వచ్చి షెడ్డు ముందు ఆగింది. పెళ్లికూతురు అద్దం దించి, అతిథుల కోటుకి పెట్టే రోజ్‌మేరీ రెమ్మ చేత్తో పట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ బోడిమూతి ముసలాయన్ని ఒక క్షణం చూసింది.

"ఏమండీ, రాదిసావ్ మేస్త్రీ ఉన్నారా? కారు బాగుచేసిన మెకానిక్‌కి ఇది పెట్టమన్నారు నాన్న."

"రాదిసావ్ లేడమ్మా," అన్నాడతను. పక్క షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. "మెకానిక్ అక్కడున్నాడు."