చెనిక్కాయల చప్పుడు ఆగినప్పుడు

నిన్న ఉదయం నా భార్య కరుణ ఎప్పటిలాగే వరండాలో చేట ముందు పెట్టుకుని చెనిక్కాయలు ఒలుస్తోంది.

ఎదురుగా గౌసియా నిలబడి స్పీచ్ చెబుతోంది. మా వీధి చివర టైలర్ గారి అమ్మాయి. పులివెందులలో డిగ్రీ చదువుతోంది. వచ్చే వారం కాలేజీలో వక్తృత్వ పోటీ ఉంది.

నేను లోపల షేవింగ్ చేసుకుంటున్నాను.

కాయల చప్పుడు ఆగింది.

పిల్లకు మంచి మాట దొరికింది అనుకున్నాను. గౌసియా కూడా అదే అనుకుంది. గొంతు పెంచి ఇంకా బాగా చెప్పింది.

కాసేపటికి "సార్!" అని అరిచింది.

గుండెపోటు. ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేరేసరికే అయిపోయిందన్నారు.

ఈ పోస్ట్ చదివేవాళ్లలో కరుణ టీచర్ దగ్గర మాట్లాడటం నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు ఆ చేట గుర్తుండే ఉంటుంది. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

ఆమె మన మొహం చూసేది కాదు. కాయలు ఒలుస్తూ వినేది. ఆమె చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ మన స్పీచ్ మొదలవ్వాలి. అంతకు ముందుదంతా కొట్టేయాలి.

"వేదికను అలంకరించిన పెద్దలకు" అని ఎవరైనా ఎత్తుకుంటే, "ఆ పెద్దలు కుర్చీ ఇడిసి యాడికీ పోరులే, నీ మాట చెప్పు" అనేది.

సిమెంట్ ఫ్యాక్టరీలో నా రిటైర్మెంట్‌కు రెండు పేజీలు రాసుకున్నాను. మొత్తం చదివాను. చప్పుడు ఆగలేదు.

విసుగొచ్చి కాగితం పక్కన పెట్టాను. డ్యూటీలో చేరిన రోజు నేను క్యారియర్ తీసుకుపోలేదని, ఫిట్టర్ మస్తాన్ తన సంగటి ముద్దలో సగం తుంచి నా చేతిలో పెట్టాడని ఊరికే చెప్పాను.

చెయ్యి ఆగింది.

"ఇదబ్బా. ఈడ మొదులుపెట్టు. ఆ కాగితాలు ఇంట్లోనే ఉండనీ."

అలాగే చేశాను. వెనక వరుసలో మస్తాన్ లేచి నిలబడ్డాడు.

ఆ రోజు ఇంటికి వస్తూ, "నేను పోయినప్పుడూ నువ్వే మాట్లాడల్ల. చర్చి అయ్యగారి చేతికి మైకిస్తే అందరి సంగటీ చల్లారిపోతాది" అని నవ్వింది. ఊరుకోమన్నాను.

రేపు జమ్మలమడుగులో, ఆమె పుట్టిన ఊళ్లో, చర్చి పక్కన సమాధి చేస్తున్నాం. పూణే నుంచి మా అమ్మాయి తెల్లవారేసరికి వస్తుంది.

నేను మాట్లాడాలి. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ "ఇక్కడికి విచ్చేసిన బంధుమిత్రులకు" అనే వచ్చింది.

సాయంత్రం గౌసియా వాళ్లమ్మ వచ్చింది. "బిడ్డ అన్నం ముట్టలేదు సార్. 'టీచరమ్మ పోతాంటే నేను మాట్లాడతానే ఉంటి' అని ఒకటే ఏడుస్తాండాది."

గౌసియా, నువ్వు అప్పుడే చూసినా చేయగలిగేది ఏమీ లేదని డాక్టర్ నాతో చెప్పారు. నేనూ వింటూనే ఉన్నాను కదమ్మా. నువ్వు బాగా చెప్పావు. ఆమె చివరిగా విన్నది అదే.

చేటలో సగం కాయలు అలాగే ఉన్నాయి. ఎవరినీ తియ్యనివ్వలేదు.

కరుణా, వెళ్లిరా. ఇన్నేళ్లు అందరి మాటలూ విన్నావు. ఇక నువ్వు ప్రశాంతంగా ఉండు.

రేపు పొద్దున బయలుదేరే ముందు గౌసియాను పిలిచి ఆ చేట ముందు కూర్చోబెడతాను. నేను ఎదురుగా నిలబడి చెబుతాను. ఆ పిల్ల చెయ్యి ఆగిన చోటి నుంచే జమ్మలమడుగులో మొదలుపెడతాను.