ద్వాదశి నాటి ఎండ వంట

నిన్న మా మిద్దె మీద అన్నం ఉడకలేదు, నేనే ఉడికినాను. నవ్వకండి, పూర్తిగా వినండి.

మా అమ్మకు కట్టెల పొగ పడదు, ఒకటే దగ్గు. వినలేక, చిత్తూరులో సబ్సిడీకి ఇస్తుంటే సోలార్ కుక్కర్ తెచ్చినాను. ఒక పెట్టె, పైన అద్దం, లోపల నల్లరంగు పూసిన గిన్నెలు. నలుపైతేనే ఎండను బాగా పట్టుకుంటుందంట. పోయిన ఆదివారం అన్నం మల్లెపువ్వు మాదిరి ఉడికింది. ఇంకేం! సగం సగం పనులు నాకు గిట్టవు. మట్టిపొయ్యిని గడ్డపారతో పగలగొట్టినాను. కిరసనాయిలు స్టౌ బామ్మర్దికి ఇచ్చేసినాను. అంతటితో ఊరుకున్నానా? పక్కింటి రాజమ్మక్కకు గోడ మీదనుంచే బుద్ధి చెప్పినాను.

"అక్కా, నీ పొగంతా మా అమ్మ గుండెల్లోకి పోతా ఉండాది. ఎండ ఊరికే వస్తా ఉంటే కట్టెలెందుకు?"

"అట్లనే అబ్బా. మబ్బు పట్టిననాడు నా పొయ్యి దగ్గరికే వస్తావులే!" అనింది.

నిన్న ద్వాదశి. మొన్న ఏకాదశి, పొద్దంతా అమ్మ మంచినీళ్ళతోనే ఉండింది. మధ్యాహ్నం ద్వాదశి దాటేలోపల ముద్ద నోట్లో పెట్టుకోవాల. దాటిందా, ఆ పూట కూడా పస్తే. ఆమె పట్టుదల నాకు తెలుసు, నాకు వచ్చింది ఆమె నుంచే కదా!

ఆకాశంలో మబ్బు తునక లేదు. నా భార్య సుశీల బియ్యం, పెసరపప్పు, అవిసాకు సర్ది మూత వేసింది. నేను అద్దం తిప్పి, గొడుగేసుకుని కాపలా కూర్చున్నాను.

కాసేపటికి సుశీల పైకొచ్చింది. "ఒకసారి మూత తీసి సూస్తామా?"

"తీస్తే వేడి పోతాది. మనిషికి నిగ్రహం ఉండాల!"

"అది కాదు, ఆ గిన్నెలు..."

"గిన్నెల సంగతి నాకు తెలుసు. కిందికి పో!"

పొద్దు నడినెత్తికి వచ్చింది. కింద మెట్ల దగ్గర అమ్మ గోడ పట్టుకుని నిలబడింది. పెదవులు ఎండిపోయినాయి. "అయిందా నాయనా?"

"అయిపోయిందమ్మా!"

మూత తీసినాను. గిన్నెలు వెండి మాదిరి తళతళా మెరుస్తా ఉండాయి! వాటిలో నా మొహం కనబడతా ఉండాది. బియ్యం నానింది, అంతే. అవిసాకు చెట్టు మీద ఉన్నంత పచ్చగా ఉండాది.

"సుశీలా! నల్లరంగు ఏమయింది?"

కిందనుంచి అమ్మ మురిపెంగా చెప్పింది. "నేనే తోమినా నాయనా. మసిగిన్నె కంటబడితే అన్నం ముట్టనని ఇల్లంతా అదరగొడతావే! నిన్న పొద్దంతా ఇటుకపొడేసి రుద్దితేగానీ వదల్లేదు."

పస్తుతో! నా గిన్నెలు!

"అదే చెప్పబోతే కిందికి పొమ్మంటివి" అనింది సుశీల.

గిన్నెలెత్తుకుని మిద్దె దిగి గోడ దూకినాను.

"ఏమబ్బా, మబ్బు పట్టలేదే?" అనింది రాజమ్మక్క.

"నాకు పట్టిందక్కా. ముందు పొయ్యి రాజెయ్యి!"

"నా చేతులకు పిండి ఉండాది. ఇదో గొట్టం, నువ్వే ఊదు."

ఊదినాను. కట్టెలేమో పచ్చివి. కళ్ళలో నీళ్ళు, గొంతులో పొగ. అమ్మ దగ్గంతా నాకే వచ్చింది. ఎట్లనో ఉడికింది. ఇంటికి తెచ్చి వడ్డిస్తే, ద్వాదశి దాటకుండా అమ్మ ముద్ద నోట్లో పెట్టుకునింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు అమ్మ తలెత్తి నన్ను చూసింది. నెత్తి నుంచి గడ్డం దాకా మసి. పాపం, ముద్ద పక్కన పెట్టేసి కేకేసింది:

"సుశీలా! ఆ ఇటుకపొడి ఇంకా మిగిలి ఉండాదా?"