మింగేసిన దెబ్బ

ఈ బరువు ఇన్నేళ్లూ దించుకోలేక మోశాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఒక గిటార్‌ను నేను పాడు చేశాను. అంటే గిటార్‌ను కాదు, దాన్ని వాయించే మనిషిని.

డెబ్బైల చివర్లో తిరుపతిలో మేం నలుగురం పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించేవాళ్లం. నావి డ్రమ్స్. ఇంకో ఇద్దరివి ఆర్గన్, బేస్ గిటార్. గిటార్ బాషాది. చిత్తూరులో దర్జీ కొడుకు, నాకన్నా చిన్నవాడు. మద్రాసు నుంచి జాజ్ రికార్డులు తెచ్చుకుని, విని విని, మాకూ నేర్పి, అలా మా నలుగురికీ నాయకుడయ్యాడు. జాజ్‌లో పాట మధ్య మిగతావాళ్లు ఆగిపోతారు. నేను డ్రమ్స్ మీద తాళం లెక్క నడుపుతుంటే అతనొక్కడే అప్పటికప్పుడు తోచింది వాయిస్తాడు. ఎవరైనా అప్పుడు కాలితో తాళం వేసుకుంటారు. బాషా కాలు కదిలేది కాదు. కళ్లు మూసుకుని ఎటో వెళ్లిపోయేవాడు. లెక్క అన్న దగ్గరుంది, నాకేం భయం అనేవాడు. ఆ మాటకు నేనెంత పొంగిపోయేవాణ్ణో.

ఒక కాలేజీ హాలులో కచేరీ కుదిరింది. అంతా జాజే. మద్రాసు రికార్డింగ్ థియేటర్ నుంచి ఒక పెద్దమనిషి బాషాను వినడానికి వస్తున్నాడన్నారు. ఆయనకు నచ్చితే బాషా బతుకు మారిపోతుంది. మరి నాది?

ఆ మధ్యాహ్నం బస్టాండు దగ్గర టీ కొట్లో బాషా ఆయనతో కూర్చుని ఉన్నాడు. పక్కన ఇంకొకడు. వాడి సంచిలోంచి డ్రమ్ కర్రలు కనిపిస్తున్నాయి. నన్ను చూడగానే మాట ఆపేశారు. బాషా నాకు టీ చెప్పి, చక్కెర ఎక్కువ వెయ్యమన్నాడు. నేనెలా తాగుతానో అతనికి ఎప్పటినుంచో తెలుసు. కానీ ఆ రోజు ఆ చక్కెర మీద కూడా నాకు అనుమానమే. నన్ను వదిలేసి పోయేవాడు కాకపోతే ఇంత మర్యాదెందుకు? నోరు తెరిచి అడిగి ఉండొచ్చు. ఎందుకు అడగలేదు? కాదంటాడేమో, కాదంటే నమ్మాల్సి వస్తుందేమో అని.

సాయంత్రం హాలు నిండింది. బాషా ఒక్కడే వాయించే వంతు వచ్చింది. అంత బాగా అతను ఎప్పుడూ వాయించలేదు. ముందు వరుసలో పెద్దమనిషి ముందుకు వంగి వింటున్నాడు. ఆ కర్రలవాడు మాత్రం నా చేతులనే చూస్తున్నాడనిపించింది. నిజంగా చూశాడా? ఏమో.

నాలుగు దెబ్బల లెక్కలో ఒక దెబ్బ మింగేసి, మూడింటికే మళ్లీ ఒకటి మొదలెట్టాను. కావాలనే.

ఆర్గన్, బేస్ నా లెక్క పట్టుకుని తిరిగి పాట అందుకున్నాయి. బాషా గిటార్ ఒక్కటే వేరే చోట మిగిలిపోయింది. తప్పింది అతనేనని హాలంతా అనుకుంది. అతను కళ్లు తెరిచి దారి వెతుక్కున్నాడు. అది దొరికేసరికి పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. పాట అయ్యాక లేచి వెళ్లిపోయాడు.

డ్రమ్స్ విప్పుతుంటే, మిగతా ఇద్దరూ పక్కనే ఉండగా, బాషా నా దగ్గరికి వచ్చాడు.

“లెక్క నువ్వు సరిగ్గానే పట్టినావు గదన్నా?”

“పట్టినాను.”

నా ముఖంలోకి కాసేపు చూశాడు.

“అయితే నేనే యాడో జారినాను. నువ్వు తప్పవులే.”

ఆ చూపేమిటి? తెలిసే అన్నాడా? తెలిసి ఉంటే మిగతా ఇద్దరి ముందు నన్నెందుకు కాపాడాడు? దీన్ని తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాను. టీ కొట్లో వాళ్లేం మాట్లాడుకున్నారో కూడా నాకు ఇప్పటికీ తెలియదు.

మద్రాసు నుంచి పిలుపు రాలేదు. మేం విడిపోయాం. కొన్నేళ్లకు చంద్రగిరిలో ఒక పెళ్లికి వెళ్తే, పందిట్లో వేరే బృందంతో బాషా సినిమా పాట వాయిస్తున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడికాలు నేల మీద తాళం వేస్తోంది, ప్రతి దెబ్బకూ, తన మీద తనకు నమ్మకం లేనట్టు. నేను లోపలికి వెళ్లలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఈ ఒక్క మాట ఎక్కడో ఒక చోట రాసి ఉండాలి, అంతే. ఆ రోజు బాషా ఎక్కడా జారలేదు.