కొంగనుకున్న తలగుడ్డ

మొన్న కంటి ఆసుపత్రిలో చుక్కల మందు వేసి, అద్దాలు తీసి పక్కన పెట్టమన్నారు. గోడలూ మనుషులూ కలిసిపోయి అంతా పొగలాగా అయింది. నాకు భయం వేయలేదు. ఇరవై ఏళ్ళు నేను బతికిన లోకమే అది.

అవి యాభైల నాటి రోజులు. అత్తగారిది కడప దగ్గర పల్లె. బియ్యంలో రాళ్ళు ఏరడంలో నన్ను మించినవాళ్ళు లేరు, చేట ముక్కుకు ఆనించి ఏరేదాన్ని. జానెడు దాటితే ఏదీ కంటికి ఆనదు. అందరికీ అంతేననుకున్నాను. చిన్నప్పుడు బడిలో నల్లబల్ల కనబడక నోరు మెదపకపోతే, దీనికి చదువు ఎక్కదని పంతులు ఇంటికి పంపేశాడు. పెళ్ళయి వచ్చాక, వీధిలో అత్త చెయ్యెత్తి పిలిచినా పలకకుండా పోయేదాన్నట. నాకు పొగరని, పుట్టింటికి పంపేయమని మామతో రోజూ ఆమె పోరు. మా ఆయన తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు.

ఆ ఏడు జొన్న కంకులు పట్టాక, రాళ్ళు విసిరే వడిసెల చేతికిచ్చి, పిట్టలు తోలమని నన్ను చేలో మంచె ఎక్కించారు. పిట్టలు కనబడేవి కావు, రెక్కల చప్పుడు విని రాయి విసిరేదాన్ని. ఒకనాడు నిలువెత్తు జొన్నలో తెల్లగా ఏదో కదిలింది. కొంగనుకుని విసిరాను. కొంగ "అబ్బా" అంది. అది మా మామ తలగుడ్డ.

ఇంటికొచ్చేసరికి నా పెట్టె వాకిట్లో ఉంది. "మామను కొట్టే కోడలు మనకొద్దు. పొద్దున బస్సుకే పంపు," అంది అత్త.

మామ తల తడుముకుంటూ వాకిలి చివర నిలబడ్డాడు. "ఏమ్మా, ఎన్ని వేళ్ళు చూపిస్తాండా?"

"చెయ్యి యాడ ఉండాది మామా?" అన్నాను.

మామ నవ్వలేదు, అత్త వైపు తిరిగాడు. "ఇది పొగరు గాదే. ఈ బిడ్డకు కండ్లు ఆనవు."

"నాటకాలు. బియ్యంలో రాళ్ళు ఎట్ల ఆనతాండాయి?" అంది అత్త.

మర్నాడు మామ నన్ను బస్సెక్కించాడు, పుట్టింటికి కాదు, కడపకు. డాక్టరు చూసి, కంటిగుడ్డు పొడుగ్గా పెరిగిందన్నాడు. అద్దాలు తీయవద్దనీ, కంట్లో మెరుపులు మెరిస్తే ఆలస్యం చేయక రమ్మనీ చెప్పాడు. నేను పొట్టిదాన్ని. ఇంటికొచ్చి చెబితే అత్త, "పెరిగేదేదో మనిషి పెరగగూడదా," అంది. అద్దాలు తయారయ్యే వారం రోజులూ నా పెట్టె వాకిట్లోనే ఉంది.

వారం తర్వాత మామతో మళ్ళీ కడప వెళ్ళి, అద్దాలు పెట్టుకుని అంగడి బయటికొచ్చాను. కరెంటు తీగ మీద పిట్టలు! ఒక్కొక్కదానికి ముక్కు, తోక. నేను రాళ్ళు విసిరింది వీటి మీదా అని నిలబడిపోయాను. బోర్డుల మీద అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. వాటిని నేర్చుకోవడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది, అది వేరే సంగతి. తిరిగొచ్చే దారిలో, అంతవరకూ మబ్బనుకున్నది కొండయింది. దాని మీద బండలు, బండల మధ్య పొదలు, పొదల్లో మేకలు. మామ చెయ్యి పట్టుకున్నాను. "చూడమ్మా, బాగా చూడు," అన్నాడాయన.

పొద్దు వాలుతుండగా మా వీధి మొదట్లో దిగాము. ఆ చివర గడపలో ఒక మనిషి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా దారే చూస్తోంది. అత్త. వాకిట్లో పెట్టె లేదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. అంతకుముందు నేను చేను నుంచి వచ్చే వేళకు, నా కంటికి ఆనకుండా ఎన్ని సాయంత్రాలు ఆమె అలా నిలబడిందో ఇప్పుడెవరిని అడగను.