మూత తీసి ఉంచాను

పెట్టె మూత ఎత్తగానే తెల్లటి పొగ బయటికొచ్చింది. రాకూడదు. ఆ పెట్టె ఖాళీగా ఉండాలి. అందులోని డ్రై ఐస్ అంతా ముందురోజు సాయంత్రమే రొయ్యల పెట్టెల్లోకి వెళ్ళిపోయి, ఈపాటికి హైదరాబాదు విమానాశ్రయంలో ఉండాలి. నేను మూత పట్టుకుని అలాగే నిలబడ్డాను. పొగ నా చేతుల మీదుగా దిగి నేల మీద పాకింది.

ఆరేళ్ళ నుంచి ఆ మూతని మోస్తున్నాను. థర్మోకోలు మూత. రెండు వేళ్ళతో ఎత్తచ్చు.

మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. మా ఆయనకి చెప్పలేదు. చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా ఆ సంగతి దాకా వచ్చి, దాన్ని దాటేసి, పిల్లల ఆరోగ్యం గురించి ప్రార్థన చేసుకుని లేచేదాన్ని. ఇప్పుడు పిల్లలిద్దరూ నిద్రపోయారు. రాస్తున్నాను.

నేను బీఎస్సీ చదివాను. ఏలూరు దగ్గర రొయ్యలు శుభ్రం చేసి గడ్డకట్టించే ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చూసుకునేదాన్ని. మా సరుకు ఓడల మీద పోయేది. ఆసారి మాత్రం గల్ఫ్‌లో కొత్తగా దొరికిన ఒకాయనకి ముప్పై పెట్టెలు నమూనాగా విమానంలో పంపాలి. ఓడలో అయితే పెద్ద కంటెయినరే ఫ్రిజ్‌లా పనిచేస్తుంది. విమానంలో ఆ వసతి ఉండదు. ఏ పెట్టె చలి ఆ పెట్టెలోనే ఉండాలి. అందుకే మామూలు ఐసు కన్నా ఎన్నో రెట్లు చల్లగా ఉండే డ్రై ఐస్. అది ముందే పెడితే ముందే తగ్గిపోతుంది కాబట్టి, వ్యాన్ గుమ్మం దగ్గరికి వచ్చాక, ఆఖర్న, నేనే పెట్టాలి.

అక్కడ మా అందరికీ ఒక అలవాటుండేది. తడి గ్లౌజులతో పెన్ను పట్టుకోలేం. అందుకని గ్లౌజులు తొడుక్కోకముందే చెక్‌లిస్టులో టిక్కులన్నీ పెట్టేసేవాళ్ళం. ఆ రోజూ పెట్టేశాను. పెట్టెల మీద డ్రై ఐస్ లేబుళ్ళు కూడా అంటించేశాను. అప్పుడు అత్తయ్యగారి ఫోనొచ్చింది. పాపకి ఒళ్ళు కాలిపోతోందట, కళ్ళు తేలేస్తోందట. అప్పటికి దానికి ఏడాది. సిగ్నల్ కోసం బయటికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి, ఉంగుటూరు నుంచి ప్యాకింగ్‌కి వచ్చే అమ్మాయిలు వాళ్ళ ఆటో వచ్చిందని వెళ్ళిపోయారు. పోతూ పోతూ, చలి పోకుండా పెట్టెలన్నిటికీ మూతలు పెట్టి వెళ్ళారు. ఆ మూతలు చూసి నా పని కూడా అయిపోయిందనుకున్నాను. టేపు వేశాను. డ్రైవర్ వెంకన్న బాబాయిగారు ఎక్కించుకుని, "మీరు పదండమ్మా, పాపని చూసుకోండి. రొయ్యల్ని నేను చూసుకుంటాను" అన్నారు.

రాత్రికి ఆసుపత్రిలో జ్వరం దిగింది.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. నేను చెప్పాల్సింది దీని తర్వాతది.

పొద్దున్న ఎనిమిదికి నేను ఆ పొగ చూశాను. పెట్టెల్ని విమానానికి అప్పగించేది పన్నెండు దాటాక. ఫోను నా జేబులోనే ఉంది. ఒక్క ఫోను చేస్తే విమానాశ్రయం దగ్గరున్న మా ఏజెంటు టేపు విప్పించి, ఊళ్ళో దొరికే డ్రై ఐస్ తెప్పించి పెట్టించేవాడు. నాలుగు గంటలుంది నాకు. నాలుగు గంటలు తక్కువా? ఎన్నిసార్లు ఫోను తీశాను? ఎన్నిసార్లు లోపల పెట్టుకున్నాను? చంటిపిల్లల తల్లుల్ని పెట్టుకుంటే ఇదే గొడవని అంతకు ముందు నెలే ఓనరుగారు ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ మాటకి భయపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ భయపడినవాళ్ళు కళ్ళు మూసుకుంటారు, పరుగెత్తుతారు, ఏడుస్తారు. నేను ఇవేమీ చెయ్యకుండా, డ్రై ఐస్ గురించి నాకు తెలిసినదంతా గుర్తుచేసుకుని, మూత తీసి పక్కన పెట్టి, నా పని చూసుకోవడానికి వెళ్ళాను.

డ్రై ఐస్ నీళ్ళవదు. గాలిలో కలిసిపోతుంది. ఎలాగూ దారిలో తగ్గేదే కాబట్టి బరువు తేడా వచ్చినా ఎవరూ అడగరు. సాయంత్రానికి పెట్టె అడుగు కనిపించింది. తుడవడానికి తడి కూడా లేదు.

మూడోరోజు ఓనరుగారు నన్నూ, వెంకన్న బాబాయిగారినీ పిలిచారు. అవతలివాళ్ళు పంపిన ఫోటోలు చూపించారు. రొయ్యలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పెట్టె అడుగున నీళ్ళు.

"ఏవయ్యా వెంకన్నా, వ్యాన్ వెనకాల ఏసీ ఎక్కడ కట్టేశావు?"

"కట్టలేదండీ. ముందు కూర్చుని నేను చెమటలు కక్కుతున్నా గానీ, వెనకాల రొయ్యలు దుప్పట్లు అడిగాయండి, ఆయ్."

ఎప్పటిలాగే నవ్విద్దామని చూశారు. ఎవరూ నవ్వలేదు.

ఓనరుగారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, డ్రై ఐస్ పెట్టావా?"

చెక్‌లిస్టు బల్ల మీదే ఉంది. టిక్కు ఉంది.

"పెట్టానండీ."

నేను తల దించుకునేలోపే బాబాయిగారు అందుకున్నారు. "ఆ అమ్మాయి పెట్టానంటే పెట్టినట్టేనండీ. ఆవిణ్ణి అనుమానించకండి."  గొంతు తగ్గింది. "సూర్యాపేట దగ్గర టీకి ఆగానండి. పది నిమిషాలు. అప్పుడు గానీ ఏసీ ఆగి, మళ్ళీ దానంతటదే అందుకుందేమోనండి. నాకు తెలీలేదేమో."

మరునాటి నుంచి ఆయన్ని రావద్దన్నారు.

నా అబద్ధం నిలబడడానికి ఆయన తన నిజాన్ని అనుమానించుకున్నారు. ఆ గదిలో నేను నోరు విప్పాల్సింది అప్పుడే. ఆయన నన్ను తిట్టి ఉంటే, నాదే తప్పని నలుగురిలో అరిచి ఉంటే, ఒప్పుకునేదాన్నా? ఏమో. అలా అనుకోవడం కూడా తప్పు ఆయన మీదికి నెట్టడమే కదా.

రెండేళ్ళకి నేనూ ఆ పని మానేశాను. మరచిపోయాననుకున్న రోజులున్నాయి. మొన్న ఆదివారం పిల్లలతో కలిదిండిలో బంధువులింటికి వెళ్తుంటే, చేపల చెరువు గట్టు మీద బాబాయిగారు కనిపించారు. అక్కడ కాపలా పని. పక్షుల్ని తోలుతున్నారట. "పాప ఇంతయిందా!" అని దాని తల నిమిరారు. బండి నడపడం లేదా అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"ఎందుకమ్మా! ఇంజను శబ్దంలో ఇంత తేడా వచ్చినా పట్టేసేవాణ్ణి. ఆ రోజు ఈ చెవులే మోసం చేశాయి. మళ్ళీ ఇంకొకరి సరుకు పాడుచెయ్యనా?"

చెవుల్ని చూపిస్తూ నవ్వారు. ఆయన పని పోయిందనే ఇన్నాళ్ళూ బాధపడ్డాను. పోయింది అదొక్కటే కాదని మొన్ననే తెలిసింది. దారిలో పాప, "ఆ తాతగారెవరమ్మా?" అని అడిగింది. "ఎవరో తెలిసినాయన" అన్నాను. మళ్ళీ దాటేశాను.

కలిదిండి వెళ్ళి ఆయనకి అంతా చెప్తానని ఇక్కడ రాయగలను. రాస్తే నన్ను కాస్త మంచిదాన్ననుకుంటారు. అందుకే రాయడం లేదు. వెళ్తే వెళ్ళానని అప్పుడు రాస్తాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అయినా ఇంత రాశాక, ఎందుకో, ఊపిరి కిందిదాకా వెళ్ళింది.

ఈ నాలుగు మాటలూ తెల్లారాక రాస్తున్నాను. పిల్లలు ఇడ్లీలు తింటుంటే పక్కన కూర్చుని చెప్పాను.

"మొన్న చెరువు దగ్గర చూశాం కదా, ఆ తాతగారు పెద్ద వ్యాన్ నడిపేవారు. ఒకరోజు అమ్మ రొయ్యల పెట్టెల్లో డ్రై ఐస్ పెట్టడం మరిచిపోయింది. తర్వాత తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు. అడిగితే పెట్టానని అబద్ధం చెప్పింది. తప్పు తాతగారిదనుకుని ఆయన్ని పనిలోంచి తీసేశారు."

పాప అడిగింది, "మరి రొయ్యలేమయ్యాయి?"

"పారేశారు."

"అన్నీనా?"

"అన్నీ."

దానికి అంతే కావాలి. మళ్ళీ చట్నీలో పడింది. బాబుకి పదేళ్ళు. వాడు నా మొహం వైపు చూడకుండా, "ఆయనకి తెలుసా?" అన్నాడు.

"తెలీదు నాన్నా," అన్నాను. "తన చెవులదే తప్పనుకుంటున్నారు."